పెద్దమ్మ ఎదురు

మా పెద్దమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఉయ్యూరు నుంచి పెదనాన్న ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ పలకడం లేదమ్మా" అన్నాడు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. క్యాన్సర్ కాదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, పలకరించడానికి వచ్చినవాళ్ళలో సగం మంది తమ ముక్కు మీద వేలు పెట్టి చూపిస్తూ "మళ్ళీ తిరగబెట్టిందా?" అని గుసగుసగా అడిగారు. తిరగబెట్టలేదు. చివరి రోజు దాకా ఆ ముక్కు నిక్షేపంగా ఉంది.

ఇలాంటివి రాసేటప్పుడు పోయినవాళ్ళ ఓర్పునీ క్షమాగుణాన్నీ తలుచుకోవడం మర్యాద. మా పెద్దమ్మకి ఒకప్పుడు ఆ రెండూ ఉండేవి. ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉండేవి. అరవై దాటాక వాటిని వదిలించుకుంది, నాకు ఆమె మీద ప్రేమ పెరిగింది ఆ తర్వాతే. ఆమె ఆత్మకి శాంతి కలగాలని కూడా నేను కోరుకోవడం లేదు. శాంతి కలిగితే ఊరుకుంటుంది. ఆమె ఊరుకోవడం నాకిష్టం లేదు.

ఉయ్యూరులో వాళ్ళది చెరుకు పండించే కుటుంబం. పెదనాన్న పొలం చూసుకునేవాడు. ఆయన తమ్ముడు, అంటే పెద్దమ్మకి మరిది, నాకు బాబాయి వరస, విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు నడిపేవాడు. అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో. బాబాయికి ఎదురుగా ఉన్నప్పుడు గారు తగిలిస్తాను గానీ ఇక్కడ తగిలించను. పెద్దమ్మకి పిల్లల్లేరు. మా అమ్మ ఆమె చెల్లెలు. నా బడి చదువంతా పెద్దమ్మ దగ్గరే సాగింది కాబట్టి ఆ ఇంటి సంగతులు నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఇంట్లో ఎవరు ఏ పని మీద బయల్దేరినా ఒక ఆడమనిషి నీళ్ళ బిందెతో గేటు దగ్గర ఎదురు రావాలి. మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే ఇది. అయితే బాబాయికి మాత్రం అది షాపు తాళాలకన్నా ముఖ్యం. తాళాలు మర్చిపోతే మనిషిని పంపి తెప్పించుకునేవాడు, ఎదురు సరిగా కుదరకపోతే ప్రయాణమే మానుకునేవాడు. ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నదానికి ఆయన దగ్గర పట్టింపులుండేవి. పిల్లలు లేని మనిషి రాకూడదు. బాబాయి సరుకు కోసం చెన్నై బయల్దేరే రోజున పెద్దమ్మ వంటింట్లోంచి కదిలేది కాదు. కదలొద్దని ఆమెతో ఎవరూ అనలేదు. అనకుండానే తెలిసేలా చేయడం ఆ ఇంట్లో అందరికీ బాగా వచ్చు.

యాభై దాటాక ఆమె ముక్కు కుడిపక్కన, రంధ్రం అంచుకి కాస్త పైన, ఒక నల్లటి చుక్క లేచింది. ఆవగింజంత. నున్నగా మెరుస్తూ ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పొద్దున పెద్దమ్మ గేటు ముందు కళ్ళాపి చల్లుతుండగా, చూసుకోకుండా బాబాయి బండి తీశాడు. ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. ఆయన మొహం మాడ్చుకునే వెళ్ళాడు. పోయిందనుకున్న పెద్ద ఆర్డర్ ఒకటి ఆ రోజే తిరిగొచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చి పెద్దమ్మ మొహంలోకి అంత పరీక్షగా చూడటం బహుశా ఆయనకి అదే మొదటిసారి. "వదినా! ఇదెప్పుడొచ్చింది? ముక్కు మీద పుట్టుమచ్చ అంటే మాటలా! మన ఇంట్లో లక్ష్మిని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం" అన్నాడు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఎదురు పెద్దమ్మది.

ఆమె ఎంత సంబరపడిందో చెప్పకపోతే ఆ తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమెను ముందుకి రమ్మని పిలిచింది అదే మొదలు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, చింతపండుతో తోమిన ఇత్తడి బిందె చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడేది. రెండో షాపు ఆమె ఎదురుతోనే తెరిచారు. కొత్త వ్యాను ఆమె ఎదురుతోనే రోడ్డెక్కింది. పేరంటాల్లో ఆమెకి చివర్న ఇచ్చే తాంబూలం ముందుకి వచ్చింది. ఇదంతా ఒక మచ్చ వల్ల వచ్చిందని ఆమెకి తెలుసు. అద్దంలో ముక్కు చూసుకుని, "చూశావటే, యాభై ఏళ్ళు నేను సంపాయించలేంది ఇది సంపాయించింది" అని నాతో అంటూ నవ్వేది.

చుక్క కందిగింజంత అయింది. దాని నడుమ గుంట పడింది. మొహం తుడుచుకుంటే తువ్వాలుకి రక్తం అంటేది, పక్కు కట్టేది, ఆ పక్కు ఊడి మళ్ళీ రక్తం వచ్చేది. అప్పటికి నేను విజయవాడలో కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. వెళ్ళినప్పుడల్లా డాక్టరుకి చూపిద్దామని పోరుపెట్టేదాన్ని. "గోరు తగిలిందిలేవే" అని మాట మార్చేది. ఒకసారి భోజనాల దగ్గర అందరి ముందూ ఎత్తాను. బాబాయి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "మా కడుపులు కొట్టాలని ఉంటే చెప్పు గానీ, పుట్టుమచ్చ ఎవరన్నా కోయించుకుంటారా అమ్మా? రక్తం వస్తే కాస్త పసుపద్దండి" అన్నాడు. పిన్ని, అంటే ఆయన భార్య, లేచి వెళ్ళి నిజంగానే పసుపు తెచ్చింది. పెదనాన్న మజ్జిగ పోసుకున్నాడు. ఆ పూట ఆయన చేసింది అదొక్కటే.

అలా పసుపద్దుతూనే ఏళ్ళు గడిచాయి. చివరికి ముక్కు అంచు ఎలుక కొరికినట్టు తెగి లోపలికి పోవడం మొదలైంది. ఇక లాభం లేదని, బీసెంట్ రోడ్డులో చీరలు కొనుక్కుందాం రమ్మని ఆమెను విజయవాడ తీసుకొచ్చి ఆటో నేరుగా ఆస్పత్రికి పట్టించాను. గేటు దగ్గర దిగి బోర్డు చూసి, "బీసెంట్ రోడ్డు ఇటు మార్చారా?" అంది. నేను నీళ్ళు నమిలాను. "నడువు నడువు. చీరల మాట ఎత్తినప్పుడే అనుకున్నాను. నువ్వు నాకు ఏనాడు చీర కొన్నావు గనక" అని తనే ముందు లోపలికి నడిచింది.

ప్లాస్టిక్ సర్జరీ డాక్టరమ్మ చిన్న లైటు వేసి చాలాసేపు చూసింది.

"ఎప్పట్నుంచి ఉందండీ ఇది?"

"పుట్టుమచ్చేనమ్మా."

"పుట్టినప్పట్నుంచీ ఉందా?"

"లేదు. యాభై దాటాక వచ్చింది."

"మరైతే పుట్టుమచ్చ ఎలా అవుతుందండీ? ఇది పుట్టిన మచ్చ."

ఒక ఇంటి నిండా మనుషులు, అంతమంది చుట్టాలు, పురోహితుడితో సహా, ఒక్కరికీ తట్టని తేడా అది. తట్టలేదు అనడం కూడా నా మంచితనం. ఆ మచ్చ పుట్టుమచ్చ అయితేనే వాళ్ళకి ఉపయోగం.

ముక్క తీసి పరీక్షకి పంపారు. చర్మ క్యాన్సరే అని తేలింది. అయితే ఇది ఒళ్ళంతా పాకి ప్రాణం తీసే రకం కాదనీ, ఉన్న చోటే తవ్వుకుంటూ పోతుందనీ, వదిలేస్తే ముక్కంతా తినేసి కంటి దాకా వెళుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మొదట్లోనే వచ్చి ఉంటే నాలుగు కుట్లతో పోయేదని కూడా చెప్పింది. ఆ నాలుగు కుట్ల మాట నేను ఈనాటికీ మింగలేదు.

"కోస్తే నాకు ముక్కు ఉంటుందా అమ్మా?" అని అడిగింది పెద్దమ్మ.

"చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా తీసేస్తామండీ. అంచుల్లో ఎక్కడా మిగల్లేదని పరీక్షలో తేలాక, పోయిన భాగం మళ్ళీ కడతాం."

"దేంతో కడతారు?"

"మీ నుదుటితో."

డాక్టరమ్మ బల్ల మీదున్న తళతళలాడే రేకు కాగితం ఒకటి తీసి, పెద్దమ్మ ముక్కు మీద పెట్టి ఆ ఆకారానికి కత్తిరించింది. దాన్ని తిరగేసి నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట ఆనించి చూపించింది. ఇంత చర్మం అక్కడ మూడు వైపులా కోసి, కనుబొమ దగ్గర మాత్రం ఒక కాడ వదిలి, తిప్పి ముక్కు మీదకి దించి కుడతామంది. కాడలోంచి రక్తం వస్తూ ఉంటుంది కాబట్టి కొత్త చోట అది బతుకుతుంది. ముక్కు రక్తం దానికి అలవాటయ్యాక, మూడు వారాలకి, కాడ కోసేస్తారు. రంధ్రం అంచు కూలిపోకుండా చెవిలోంచి మెత్తటి ఎముక ముక్క తీసి లోపల నిలబెడతారు.

పెద్దమ్మ తన జాకెట్లు తనే కుట్టుకునే మనిషి. ఆ రేకు ముక్కని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "గుడ్డ చాలుతుందా?" అంది.

డాక్టరమ్మకి నవ్వాగలేదు. "కొంచెం కురచేనండీ. కొసన జుట్టు కూడా కాస్త రావచ్చు."

"రానియ్యండి. పైనుంచి దింపితే అంచు కలవాలిగా మరి."

అంత ధైర్యంగా మాట్లాడింది గానీ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక మచ్చ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది పోతే మళ్ళీ వంటింట్లోకేనటే నేను?" అంది. క్యాన్సర్ అన్నందుకు కాదు ఆ భయం.

సరిగ్గా అప్పుడే బాబాయి ఫోన్. సంగతి పెదనాన్నకి ముందే చెప్పాను, ఆయన తమ్ముడికి చేరవేశాడు. పెద్దమ్మ వినాలని స్పీకర్ ఆన్ చేశాను.

"ఏమ్మా, వదినకి కోత తప్పదంటున్నారా?"

"తప్పదు బాబాయ్ గారూ. క్యాన్సర్."

"అయ్యో పాపం. సరే గానీ, ఒక్క మాట. అది మెల్లగా పెరిగే రకమేనట గదా. కొత్త షోరూము ఓపెనింగ్ పెట్టుకున్నాం, నీకు తెలుసు. ముహూర్తం అయ్యే దాకా ఆగమను. ఆ రోజు వదిన ఎదురొచ్చి వెళ్తే, మర్నాడే కోయించుకోమను. ఇన్నాళ్ళు ఉంది, ఇంకో నెల ఉంటే ఏమవుద్ది?"

నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కట్ చేసింది. ఎలా కట్ చేయాలో తెలియక రెండు మూడు చోట్ల నొక్కింది పాపం. తర్వాత లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, డాక్టరమ్మ గది తలుపు తనే తోసి, "అమ్మా, ఎప్పుడో కాదు, ఈ వారంలోనే కోసెయ్యండి" అంది. నేను ఎరిగిన పెద్దమ్మ ఆ బెంచీ మీద అయిపోయి, వేరే పెద్దమ్మ మొదలైంది.

ఆపరేషన్ తర్వాత కాడ ఉన్నన్నాళ్ళూ పటమటలో మా ఇంట్లోనే ఉంది. బాబాయి కబురు పంపాడు, ఓపెనింగ్ హడావుడిలో ఉన్నాం, ఆ రూపంతో ఇప్పుడు ఉయ్యూరు తేవద్దని. ఆ రూపం చూడటానికి మొదట్లో నాకూ భయమేసింది. కనుబొమ మీద నుంచి ముక్కు కొస దాకా లావుపాటి చర్మపు కాడ వేలాడుతూ, దాని చుట్టూ గాజుగుడ్డ. పెద్దమ్మ అద్దం అడిగి తీసుకుని, నిదానంగా చూసుకుని, "తొండం. ఇంక మీ బాబాయి ఏ పని మొదలెట్టినా ముందు నాకు దణ్ణం పెట్టాలి" అంది. కుట్లు లాగుతాయి నవ్వకు పెద్దమ్మా అని నేను ఒకటే పోరు.

ఆ రోజుల్లో ముక్కు మీద ఈగ వాలితే ఆమెకి నుదురు జిలపెట్టేది. చర్మం కిందకి దిగింది గానీ దాని నరాలు ఇంకా పైనే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. వాసనకి కాఫీ కప్పు దగ్గరికి తెచ్చుకుంటే ఆవిరి నుదుటికి తగిలినట్టుంటుందని ఆశ్చర్యపోయేది. కూర్చునే నిద్రపోయేది. బొట్టు పెట్టుకోవడానికి చోటు లేదని మాత్రం ఒక రోజు ఏడ్చింది. ఇక్కడ గుండె రాయి చేసుకుందనీ కన్నీరు పెట్టలేదనీ రాస్తే అబద్ధం అవుతుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఆ ఓపెనింగ్ ఎలా జరిగిందో కనుక్కోమంది. పిన్ని ఎదురొచ్చిందట. బాగానే జరిగిందట. "అదీ జరిగింది కదా నేను లేకుండా" అంది.

కాడ కోసేశాక మిగిలింది ఇదీ: కాస్త ఉబ్బుగా, పక్క చర్మం కన్నా ఒక వన్నె తేడాగా ఉన్న ముక్కు. నుదుటి మీద కనుబొమ నుంచి జుట్టు దాకా నిట్టనిలువు గీత. నెలలు గడిచి, ఇంకో చిన్న కోతతో డాక్టరమ్మ ముక్కుని పలచన చేసింది, గీత మాత్రం గీతలాగే ఉంది. "డాక్టరమ్మ పెట్టిన నామం పైకి కనపడుతుంది. మీ బాబాయి ఇన్నేళ్ళుగా నాకు పెట్టిన నామం ఎవరికీ కనపడలేదు, అదీ తేడా" అనేది. డాక్టరమ్మ చెప్పినట్టే ముక్కు కొసన రెండు మూడు వెంట్రుకలు మొలిచేవి. కనుబొమలు తీసే ప్లక్కర్ ఒకటి కొంగుకి కట్టుకుని తిరిగేది. "నుదుటిది చర్మం, చెవిది ఎముక. నాది ఊపిరి ఒక్కటే. అయినా ముక్కు నాదే" అనేది.

ఉయ్యూరు దింపడానికి నేనే తీసుకెళ్ళాను. మర్నాడు పొద్దున బాబాయి బయల్దేరుతున్నాడు. హాల్లోంచి గట్టిగా, పెద్దమ్మకి వినపడేట్టే, "వదినని కాసేపు లోపలుండమనండి" అన్నాడు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, "ఏమనుకోకక్కా, ముక్కిడి ఎదురైతే మంచిది కాదంటారు" అంది. ముక్కిడి. ముక్కు లేనిది అని. ఆ మాట నేను విన్నాను. ముక్కు తినేసే జబ్బుకి పసుపద్దినమ్మ నోట విన్నాను.

పెద్దమ్మ కుక్కర్ కింద స్టవ్ కట్టేసింది. బిందె తీసుకుంది. నీళ్ళు నింపింది. చెంగు మొహానికి అడ్డం వేసుకుంటుందేమో అనుకున్నాను. చెంగు తీసి నడుముకి దోపుకుంది. గేటు దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది.

బాబాయి చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయి ఆమెను చూసి వెనక్కి వెళ్ళాడు. కూర్చుని మంచినీళ్ళు తాగాడు. అపశకునం అయితే అలా కూర్చుని లేవాలి. మళ్ళీ వచ్చాడు. ఆమె అక్కడే ఉంది. "ఏంటి వదినా ఇది!" అన్నాడు.

"ఎదురొచ్చానయ్యా. బయల్దేరు."

"ఇంక నువ్వు రానక్కర్లేదు. విశ్రాంతి తీసుకో."

"బోలెడు తీసుకున్నా. బయల్దేరు."

ఆయన పెరటి తలుపు వైపు నడిచాడు. ఆమె బిందెతో ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచింది. నేను చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆరు అడుగుల మనిషి, రెండు షాపులూ ఒక షోరూమూ ఉన్న మనిషి, ఆ రోజు ఉయ్యూరు దాటలేదు. నా జీవితంలో నేను అంత హాయిగా తిన్న టిఫిన్ ఇంకోటి లేదు.

ఆ తర్వాత అది ఆమెకి నిత్యపూజ అయింది. తట్టుకోలేక కొన్నాళ్ళకి బాబాయి కాపురం విజయవాడ మార్చాడు. పీడ విరగడైందనుకుని ఉంటాడు. పెద్దమ్మ బస్ పాస్ తీయించుకుంది. గొడుగు వేసుకుని, ఎండ తగలనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఆ గొడుగు తప్పదు, కూరగాయల సంచీతో ఆటోనగర్‌లో దిగి, బాబాయి షోరూముకి అవతల ఫుట్‌పాత్ మీద నిలబడేది. లోపలికి వెళ్ళేది కాదు. ఒక్క మాట తిట్టేది కాదు. బాబాయి చూశాడని రూఢి అయ్యాక గొడుగు కాస్త పైకెత్తి, "బాగున్నావా అబ్బాయ్" అని, తిరుగు బస్సెక్కేది. ఆమె వచ్చిన రోజున ఏదన్నా బేరం పోతే ఆమె వల్ల పోయినట్టు. బేరం బ్రహ్మాండంగా కుదిరినా ఆయనకి సుఖం లేదు, రేపు ఏదో ఉందని భయం. "నేను చేసేదేం లేదే. కనపడతానంతే. మిగతాదంతా మీ బాబాయే చేసుకుంటాడు" అనేది.

ఈ కక్ష ఒక్కటే ఆమె జీవితం అనుకోవద్దు. బస్సుల్లో, రైతుబజారులో, కొత్తగా పరిచయమైన ఏ ఆడమనిషి మొహం మీద నల్లటి చుక్క కనిపించినా, పక్కన చేరి "పుట్టుమచ్చా, పుట్టిన మచ్చా?" అని అడిగేది. అడిగి ఊరుకునేది కాదు. రక్తం వస్తుందా, పక్కు కడుతుందా అని ఆరా తీసి, డాక్టరమ్మ దగ్గరికి పంపేది. భయపడితే తన ముక్కు పట్టుకుని చూడమనేది. "పట్టుకో పరవాలేదు, గట్టిగానే కుట్టారు" అనేది. అలా పట్టుకుని చూసి ధైర్యం తెచ్చుకుని వెళ్ళి, వేలి గోరంత మచ్చ తీయించుకుని బాగుపడిన చల్లపల్లి టీచరమ్మ ఒకావిడ, పెద్దమ్మ పోయిన రోజున వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ ఇంటివాళ్ళెవరూ అంత ఏడవలేదు.

ఒకసారి నేనే అన్నాను, ఇక వదిలెయ్ పెద్దమ్మా, అలసిపోతావు అని. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. "కాడ ఉన్నన్నాళ్ళే నుదురు ముక్కుకి రక్తం పోసేది. కోసేశాక ఎవరి రక్తం వాళ్ళదే. నాకూ మీ బాబాయికీ కాడ తెగింది. తెగిందని ఆయనకి గుర్తుండాలిగా, అందుకని వెళ్ళొస్తుంటాను" అంది. అలసట సంగతి అసలు పట్టించుకోలేదు.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం పాడె గేటు దాటుతుండగా బాబాయి కారు వచ్చి ఆగింది. కారు దిగి, తనతో వచ్చిన కొడుకుని పక్కకి లాగి, చేతులు జోడించి, "దణ్ణం పెట్టుకోరా. శవం ఎదురొస్తే శుభం" అన్నాడు. పాడె వెనకే నడుస్తున్న నాకు స్పష్టంగా వినపడింది. బతికి ఎదురొస్తే అరిష్టం, చచ్చి ఎదురొస్తే లాభం. ఆఖరి ఎదురు కూడా ఆయనకే కలిసి రావాలి! నేను అక్కడ ఏమీ అనలేదు. అనడానికి చాలా పెద్ద జాగా కావాలనిపించింది.

ఆ జాగా ఆయనే ఇచ్చాడు. పెద్దకర్మకి ఆటోనగర్‌లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించాలన్నాడు. వ్యాపారస్థుడు, నలుగురూ చూడాలి. పటమటలో దగ్గరగా ఉన్నావు కదా, దగ్గరుండి ప్రింటు చేయించి కట్టించమ్మా అని నాకే పురమాయించి ఫొటో పంపాడు. చూస్తే, ఎప్పటిదో పాత ఫొటో. ముక్కు మీద నల్లగా, నిగనిగలాడుతూ ఆ మచ్చ. "అసలైన వదిన ఈవిడేనమ్మా. ఆ తర్వాతది మనం గుర్తు పెట్టుకోకూడదు" అన్నాడు ఫోన్లో.

పెదనాన్నకి ఫోన్ చేశాను. బాబాయి పంపిన ఫొటో గురించి చెప్పాను. నా దగ్గరున్న ఫొటో గురించీ చెప్పాను. మా డాబా మీద, పొద్దుటి వెలుగులో, గొడుగు మూసి చేత్తో పట్టుకుని సూటిగా కెమెరాలోకి చూస్తూ నిలబడ్డది. నుదుటి గీత, కట్టిన ముక్కు, అన్నీ ఉన్నది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఎప్పటిలాగే మజ్జిగ పోసుకుంటున్నాడేమో అనుకున్నాను. చివరికి, "రెండోదే పెట్టించమ్మా. నిలువెత్తుది" అన్నాడు.

ఫ్లెక్సీ షాపతను కంప్యూటర్‌లో ఫొటో పెద్దది చేసి, మౌస్ నుదుటి మీదకి తెచ్చి, "ఈ గీత తీసేసి, ముక్కు కూడా సాపు చేస్తానండీ. ఒక్క నిమిషం పని" అన్నాడు మర్యాదగా.

"ఆ గీత మీద చెయ్యి పడిందా, మీ షాపు ముందు కూర్చుని ధర్నా చేస్తాను" అన్నాను. అతను మౌస్ వదిలేశాడు.

బాబాయి షోరూముకి సరిగ్గా అవతల, రెండు స్తంభాల మధ్య కట్టించాను. పెద్దమ్మ నిలబడే ఫుట్‌పాత్ అదే. పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ఏంటమ్మా ఇది? ఈ ఫొటో ఏంటి? షాపుకి ఎదురుగానే కట్టించాలా?"

"మీరే కదా బాబాయ్ గారూ ఆటోనగర్‌లో కట్టించమంది."

"తీయించు ముందు!"

"నేను తీయించను. పెదనాన్న చెప్పి పెట్టించింది. మీకంత ఇబ్బందిగా ఉంటే మీరే రోడ్డు దాటి వచ్చి, నలుగురూ చూస్తుండగా, పోయిన వదిన ఫ్లెక్సీ మీ చేత్తో చింపండి."

ఆయన చింపలేదు. ఆటోనగర్ అంతా కళ్ళేసుకుని ఉంటుంది, వదిన బొమ్మ చింపిన మనిషి అంటారు. పెద్దకర్మ అయిపోయింది. కట్టిన ఫ్లెక్సీలు విప్పడం మన ఊళ్ళో ఎవరి పనీ కాదు గనక అది అక్కడే ఉంది.

నిన్న కాలేజీ నుంచి వస్తూ చూడటానికని ఆటో అటు తిప్పించి షోరూము ముందు దిగాను. బాబాయి గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. కుర్చీ పక్కకి తిప్పుకున్నాడు గానీ షోరూముకి ముందంతా అద్దమే, ఎటు తిరిగినా రోడ్డే. బేరానికి వచ్చిన లారీ ఓనర్ ఒకాయన అవతలికి చూపిస్తూ "ఎవరండీ ఆవిడ?" అని అడగడం గుమ్మం బయట నిలబడ్డ నాకు వినిపించింది. బాబాయి కాస్త ఆగి, "మా వదినండీ" అన్నాడు. అప్పుడే గాలి లేచింది. ఫ్లెక్సీ నిండుగా ఉబికి, పెద్దమ్మ ఒక అడుగు రోడ్డు మీదకి వేసినట్టయింది. బాబాయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.